నీళ్లలో నిలదీత

కిందటి వారం మనం మేనేజరమ్మను ఈతకొలను రెండో మెట్టు మీద నిలబెట్టి వచ్చేశాం. ఏడో నెల కడుపుతో పాపం వారమంతా అక్కడే నిలబడి ఉంటుందేమోనని ఎవరూ జాలిపడక్కర్లేదు. ఆవిడ జాలిపడాల్సిన మనిషి కాదు. నాలుగేళ్ల కిందట ఆవిడ నడిపించిన కొలనులో ఒక గర్భిణి వ్యాయామం చేస్తూ చేస్తూ స్పృహ తప్పి నీళ్లలోకి జారిపోయింది. తల్లీబిడ్డలు ఎలాగో గట్టెక్కారు. గట్టెక్కనిది ఆ రోజు వ్యాయామం చేయిస్తున్న టీచరమ్మ ఒక్కతే. "నీళ్లు వేడిగా కావాలని ఆమే పట్టుబట్టింది, నేను వద్దంటూనే ఉన్నాను" అని మేనేజరమ్మ విచారణలో కన్నార్పకుండా చెప్పింది. టీచరమ్మకు సర్టిఫికెట్టు పోయింది, పని పోయింది, కడుపుతో ఉన్నదాన్ని ఉడకబెట్టిన మనిషి అన్న పేరు మాత్రం మిగిలింది. మూడేళ్లు ఊరి బట్టలకు ఇస్త్రీ చేసి బతికింది. ఇక్కడ ఈ కొత్త కొలనులో లైఫ్‌గార్డుగా ఉన్న, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ పూచీ పడితే, శిక్షకుల సంఘం వాళ్లు ఒక్క ఏడాది గడువుతో అనుమతి ఇచ్చారు. ఆ గడువు వచ్చే నెలతో తీరుతుంది. ఈలోగా చిన్న మచ్చ పడినా టీచరమ్మ మళ్లీ ఇస్త్రీపెట్టె దగ్గరికి పోవాల్సిందే.

ఇప్పుడా మేనేజరమ్మే నలభై ఒకటో ఏట తొలిసారి నెల తప్పి, నడుంనొప్పికి నీళ్లలో వ్యాయామం మంచిదని డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని, టీచరు ఎవరో తెలియకుండా వచ్చింది. మెట్టు మీదికి వచ్చాక తెలిసింది.

"నువ్వా?" అంది మేనేజరమ్మ.

"నేనే మేడం. కమ్మీ పట్టుకుని దిగండి, మెట్లు జారతాయి" అంది టీచరమ్మ.

ఆ మర్యాద చూసి మేనేజరమ్మ వెన్ను జలదరించింది. తిడితే వెనక్కి తిరిగి వెళ్లిపోయేదే. చెయ్యి అందించిన మనిషిని ఏం చేయాలో తెలియక, ఆ చెయ్యే పట్టుకుని దిగింది.

వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటే ఇదే. చీటీ రెండు రోజుల ముందే టీచరమ్మ చేతికి వచ్చింది. పేరు చదివి, కుర్చీలో కూర్చుని, మళ్లీ చదివింది. ఆ చీటీని సాయంత్రం బ్యాచ్‌కి పంపేయొచ్చు, అక్కడ వేరే టీచరు ఉంది. పంపలేదు. తన పొద్దుటి జాబితాలో అందరికన్నా కింద, తన చేతి రాతతో ఎక్కించుకుంది. ఆ రాత్రి నాలుగేళ్లలో మొదటిసారి హాయిగా నిద్రపోయింది.

ఆవిడకు హాని చేయాలని కాదు. అంత మాట టీచరమ్మను అంటే కళ్లు పోతాయి. వ్యాయామానికి ముందు కొలను నాలుగు మూలల్లో, నడిమధ్యలో మోచెయ్యి దాకా ముంచి చూసి, ఆ తర్వాతే థర్మామీటరు చూసే మనిషి. ముప్పై రెండు డిగ్రీలు దాటితే అందరినీ గట్టునే కూర్చోబెడుతుంది. రబ్బరు చెప్పులు లేనిదే మెట్టు దిగనివ్వదు. దూకడం లేదు, ఊపిరి బిగబట్టడం లేదు, వెల్లకిలా తేలడం లేదు. చంకల దాకా నీళ్లలో నిలబడి నడక, చేతులు ఊపడం, కమ్మీ పట్టుకుని కాళ్లు ఆడించడం, అంతే. ప్రతి మనిషి మంచినీళ్ల సీసా గట్టు మీద వరసగా ఉండాలి, పావుగంటకోసారి గుటక వేయాలి. ఆమెకు కావాల్సింది మేనేజరమ్మ ప్రాణం కాదు. ఆవిడ నోరు. ఏ నోటితో అబద్ధం చెప్పిందో ఆ నోటితోనే నలుగురూ వింటుండగా నిజం చెప్పించాలి. కావాల్సిన నలుగురూ నీళ్లలోనే ఉన్నారు.

టీచరమ్మ బ్యాచ్‌లో ఒక పద్ధతి ఉంది. నీళ్లలో ఎవరూ మౌనంగా ఉండకూడదు. నీళ్లలో చెమట కనబడదు, ఒళ్లు తేలిగ్గా ఉండి అలసట తెలియదు. మనిషి ఎంత కష్టపడుతోందో చెప్పేది మాటే. నడుస్తూ హాయిగా మాట్లాడగలిగితే సరిపడా వ్యాయామం. మాట మాటకీ ఊపిరి అడ్డం వస్తే తగ్గించాలి. మాట ఆగిందా, వ్యాయామం ఆగాలి, కారణం తర్వాత. అందుకని రోజుకో విషయం ఇస్తుంది, గుండ్రంగా నడుస్తూ ఒక్కొక్కరూ చెప్పాలి. మొన్న మొగుళ్ల గురక గురించి చెప్పమంటే నవ్వు ఆపుకోలేక ఇద్దరు కమ్మీ పట్టుకున్నారు.

గట్టు మీద ఎత్తు కుర్చీలో పిన్ని కూర్చుంటుంది. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా నీళ్ల వైపు తప్ప ఇంకో వైపు చూసి ఎరగదు. ఐదు నిమిషాలకోసారి చెయ్యెత్తుతుంది. "నీ మనుషులందరూ బాగున్నారా?" అని దాని అర్థం. టీచరమ్మ ఒక్కొక్క ముఖమూ చూసుకుని, బాగుంటేనే తనూ చెయ్యెత్తాలి. ఎత్తకపోతే పిన్ని ఈల వేసి నీళ్లలోకి దిగుతుంది.

"ఇవాళ్టి విషయం" అంది టీచరమ్మ, అందరూ వలయంగా నడక మొదలుపెట్టాక. "మీరు చేసి, ఇంకొకళ్ల మీదికి తోసేసిన తప్పు."

"అమ్మో, నాకు కాన్పు దాకా సరిపోతాయి" అంది బ్యాంకావిడ. బ్యాంకులో పనిచేసే ఈ ఎనిమిదో నెల మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. "మా అత్తగారి కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టాను. ముక్కలు పారేసి, ఎక్కడో మర్చిపోయి ఉంటారని ఆవిడ చేతే మూడు రోజులు వెతికించాను. పాపం, కళ్లజోడు లేకుండా కళ్లజోడు వెతకడమంటే మాటలా?"

నీళ్లన్నీ నవ్వుతో కదిలాయి. తర్వాత టైలరమ్మ వంతు. ఒక గౌనుకు చేతులు తారుమారుగా కుట్టి, తప్పంతా కొత్త ఫ్యాషన్ మీదికి నెట్టేసిందట. వారం తిరక్కుండా ఆ గౌనావిడ చెల్లెలు వచ్చి, తనకూ అలాగే కుట్టమందట.

"ఇప్పుడు కొత్తగా వచ్చిన మేడం" అంది టీచరమ్మ.

మేనేజరమ్మ కాసేపు నీళ్లు నమిలి, ఎప్పుడో ఆఫీసులో పూలకుండీ పగలగొట్టి పనిమనిషి పేరు చెప్పానంది.

"పర్లేదు, మాట బాగానే వస్తోంది. అలాగే నడవండి" అంది టీచరమ్మ. "నా వంతు నేనూ చెప్తా. నాది తోసేసిన తప్పు కాదు, నా మీదికి తోసిన తప్పు. నాలుగేళ్ల కిందట ఒక పూల్‌లో పనిచేసేదాన్ని. దిగే ముందు మెట్ల దగ్గర వేలాడే థర్మామీటరు చూసుకోవడం నా అలవాటు. ఆ రోజూ చూశాను. ముప్పై రెండు ఉంది. దింపాను. నేను గట్టు మీద నిలబడి చేయించేదాన్ని, ఇప్పట్లా నీళ్లలో కాదు. ఇరవై నిమిషాలకు కడుపుతో ఉన్న ఒక పిల్ల కళ్లు తేలేసింది. తీయడానికి దూకితే తెలిసింది, అవతలి మూల నీళ్లు స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి."



"మెట్ల దగ్గర చల్లగా, ఆ మూల వేడిగానా? ఒకే పూల్‌లో ఎలా కుదురుతుంది?" అంది బ్యాంకావిడ.

"అదే నాకూ అర్థం కాలేదు. విచారణలో థర్మామీటరు ముప్పై రెండు చూపించిందని చెప్తే, అబద్ధం అన్నారు. మూడేళ్లు ఇస్త్రీ చేస్తూ అదే ఆలోచించాను. బాగానే నడుస్తున్నారుగా మేడం? మీకేమైనా తెలుసా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మేనేజరమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. వలయంలో నడుస్తున్న అందరి కళ్లూ ఆ చేతి మీదికి వెళ్లాయి. బ్యాంకావిడకు లెక్క కట్టడం ఒకరు నేర్పాలా? టీచరమ్మ ముఖం చూసింది, మేనేజరమ్మ ముఖం చూసింది.

"మెట్లు అటున్నాయి మేడం. వెళ్లిపోవాలంటే వెళ్లొచ్చు. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను" అంది టీచరమ్మ.

వెళ్తుందనే అనుకుంది. వెళ్లినా సగం గెలిచినట్టే, ఈ పదిమందీ చూశారు. కానీ మేనేజరమ్మ వెళ్లలేదు. నడక ఆపి కమ్మీ పట్టుకుని, టీచరమ్మకు ఎదురుగా, పిన్నికి వీపు పెట్టి నిలబడింది.

"ఈ కడుపు వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ముఖమే కళ్లలో మెదులుతోంది. నీ ముఖం కాదులే, ఆ పిల్లది" అంది మెల్లగా. "ఆ రోజు మీకంటే ముందు మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్ల బ్యాచ్ ఉంది. వాళ్లకు వేడి కావాలి. ముప్పై ఏడు పెట్టించాను. మీ బ్యాచ్ మధ్యాహ్నం ఉండేది, ఆ రోజు పొద్దుటికి మార్చింది నేనే. వేడి సంగతి మర్చిపోయి, మీ బ్యాచ్‌కి ఒక్క గంట ముందు గుర్తొచ్చింది. అన్ని నీళ్లు గంటలో చల్లారవు కదా."

"చల్లారవు" అంది టీచరమ్మ.

"బ్యాచ్ ఆపేస్తే పైవాళ్లు నన్నడుగుతారు. అందుకని... చల్లనీళ్ల గొట్టం తెప్పించి మెట్ల దగ్గర పడేయించాను. అరగంట వదిలితే అంతా కలిసిపోతుందనుకున్నా. కలవలేదు. థర్మామీటరు దగ్గర ముప్పై రెండు వచ్చింది, అదే చాలనుకున్నాను. నువ్వు రాకముందే గొట్టం తీయించేశాను."

గొట్టం! నాలుగేళ్లు టీచరమ్మ బుర్ర బద్దలు కొట్టుకున్న చిక్కుముడికి జవాబు ఒక రబ్బరు గొట్టం. ఆమెకు పకపకా నవ్వాలనిపించింది, ఆ వెంటనే ఆ గొట్టంతోనే ఆవిడ మెడకు ఉరి బిగించాలనిపించింది. టైలరమ్మ "ఎంత పని చేశారండీ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట టీచరమ్మ చెవులకు అమృతంలా తగిలింది. ఇంకొక్క ముక్క మిగిలింది. నీళ్ల సంగతి పొరపాటని తప్పించుకోవచ్చు. విచారణలో చెప్పింది పొరపాటు కాదు. అది కావాలి. వచ్చే నెల సంఘం వాళ్ల ముందు ఈ పదిమందీ నిలబడి "మేం మా చెవులతో విన్నాం" అని చెప్పడానికి ఆ ముక్క కావాలి.

"విచారణలో ఏం చెప్పారు మేడం?"

"విచారణలో..." అంది మేనేజరమ్మ.

అక్కడ మాట ఆగింది.

మొదట భయం అనుకుంది టీచరమ్మ. తర్వాత చూసింది. కమ్మీ మీది వేళ్లు తెల్లబడ్డాయి. రెండో చెయ్యి నీళ్లలో కడుపు కిందికి వెళ్లి అక్కడే పట్టుకుని ఉంది. పెదాలు పాలిపోయాయి. నోరు తెరిచే ఉంది గానీ మాట రావడం లేదు, ఊపిరి రెండు ముక్కలుగా వస్తోంది. ఇది సిగ్గుతో ఆగిన మాట కాదని చూడగానే పోల్చుకోగలదు టీచరమ్మ. మాట ఆగితే వ్యాయామం ఆగాలి, కారణం తర్వాత. ఆ పద్ధతి పెట్టిందే తను.

సరిగ్గా అప్పుడే ఎత్తు కుర్చీలో పిన్ని చెయ్యెత్తింది.

పిన్నికి మేనేజరమ్మ వీపే కనబడుతోంది. ముఖం కనబడేది టీచరమ్మ ఒక్కదానికే. ఇప్పుడు చెయ్యెత్తకపోతే ఈల మోగుతుంది, ఆవిడను పైకి తీస్తారు, ఆ ముక్క ఆవిడ గొంతులోనే ఉండిపోతుంది. రేపటికి ఆవిడ తేరుకుంటుంది, వకీలును పెట్టుకుంటుంది, గొట్టమూ లేదు గిట్టమూ లేదంటుంది. ఇంకొక్క క్షణం. ఇంకొక్క వాక్యం. నన్ను నాలుగేళ్లు నిలబెట్టావే, నువ్వు ఒక్క నిమిషం నిలబడలేవా?

టీచరమ్మ చెయ్యెత్తింది.

"చెప్పండి" అంది.  "విచారణలో ఏం చెప్పారు?"

మేనేజరమ్మ ఆ ఎత్తిన చేతి వైపే చూస్తోంది. ఐదు అంకెలు, పది, ఇరవై. టీచరమ్మ లోపల లెక్కపెడుతూనే ఉంది, వ్యాయామం చేయించే అలవాటు కొద్దీ. ముప్పై దగ్గర మేనేజరమ్మ పెదాలు కదిలాయి.

"ఏదో... వెచ్చగా జారినట్టుంది" అంది. "నీళ్లలో తెలియడం లేదు. నొప్పి."

అప్పుడు పగ ఎటు పోయిందో పోయింది. టీచరమ్మ ఒక్క అంగలో ఆవిడ చంక కింద భుజం పెట్టి "పిన్నీ!" అని అరిచింది. ఈల మోగింది. పిన్ని నీళ్లలోకి దిగి రెండో వైపు పట్టుకుంది. మిగతావాళ్లను కమ్మీ వెంబడి నిలబడమని చెప్పి, తొందరపెట్టకుండా, మెట్టు మెట్టుకీ ఆగి, ఇద్దరూ ఆవిడను పైకి తెచ్చారు. గట్టు మీద చాప పరిచి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. టీచరమ్మ తువ్వాలుతో కాళ్లు తుడిచింది. తుడిచిన చోటు మళ్లీ తడిసింది. ఇంకో పొడి తువ్వాలు పెట్టింది, అదీ తడిసింది.

"ఉమ్మనీరే" అంది పిన్ని. "ఏడో నెలలో. అంబులెన్సుకు ఫోన్ చెయ్యి."

పది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. వచ్చిన నర్సు చకచకా చూసి, బిడ్డ గుండె కొట్టుకుంటోందని, ఇలాంటివి నీళ్లలో దిగినా దిగకపోయినా వస్తాయని, వెంటనే పైకి తేవడం మంచిదైందని చెప్పింది. వెంటనే అన్న మాట విని టీచరమ్మ తల దించుకుంది. స్ట్రెచర్ ఎత్తుతుంటే మేనేజరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"నువ్వు చెయ్యెత్తావు. నేను చూశాను" అంది. తిట్టినట్టు కూడా కాదు.

తలుపులు మూసుకుని బండి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ టీచరమ్మ ఆవిడను తలుచుకున్నప్పుడల్లా, మనిషన్నది అంత పని ఎలా చేయగలదు అని ఆశ్చర్యపోయేది. అంత కష్టమేమీ కాదని, ముప్పై అంకెలు లెక్కపెట్టేంత సేపు చాలని ఆమెకు ఇవాళ తెలిసింది. 

లోపల ఆడవాళ్లందరూ తువ్వాళ్లు కప్పుకుని బల్లల మీద కూర్చున్నారు. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. నీళ్లలో ఏం జరిగినా అరగంటలోగా కాగితం మీద రాసి సంఘానికి పంపాలి. రాయాల్సింది లైఫ్‌గార్డు. పిన్ని తడి బట్టలతోనే బల్ల ముందు కూర్చుని, పైన తేదీ వేసి, కలం ఆపింది.

"ఒక్కటే అడుగుతాను" అంది పిన్ని. "నేను చెయ్యెత్తినప్పుడు నాకు ఆవిడ వీపే కనబడింది. నీ ముఖం కనబడింది. నీ ముఖం నాకు నచ్చలేదు తల్లీ, అయినా నువ్వు చెయ్యెత్తావు కదా అని ఊరుకున్నాను. అప్పుడు ఆవిడ మాట్లాడుతోందా, ఆగిపోయిందా?"

టీచరమ్మ నోరు విప్పేలోపే బ్యాంకావిడ లేచింది.

"మాట్లాడుతూనే ఉంది పిన్నీ. నేను పక్కనే ఉన్నాగా, నా చెవులతో విన్నాను. ఏమే, నువ్వూ విన్నావుగా?"

టైలరమ్మ ఒక్క క్షణం తటపటాయించి, "ఆఁ, విన్నాను" అంది. అటు పక్క ఇంకొకామె తల ఊపింది. ఆ పక్కన ఇంకొకామె. "ఈవిడకు నాలుగేళ్లు నరకం చూపించిన మనిషి కోసం మళ్లీ ఈవిడే బలవ్వాలా? కుదరదు. మేమందరం సంతకం పెడతాం, రాసుకో" అంది బ్యాంకావిడ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అబద్ధం ఇంత ప్రేమగా పలకడం టీచరమ్మ ఎన్నడూ వినలేదు.

పిన్ని వాళ్ల వైపు తిరగలేదు. తను పూచీ పడిన మనిషి ముఖం వైపే చూస్తూ, "నేను నిన్నడిగాను. నువ్వు చెప్పిందే రాస్తాను. ఇంకో మాట అడగను" అంది.

టీచరమ్మ కుర్చీ లాక్కుని పిన్నికి ఎదురుగా కూర్చుంది. వెనకనుంచి బ్యాంకావిడ చెయ్యి వచ్చి ఆమె భుజం గట్టిగా నొక్కింది. టీచరమ్మ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"రాసుకో పిన్నీ" అంది.